రెండు పెట్టెల మధ్య సీలు

మార్కాపురంలో చాలా ఇళ్ల వాకిళ్లకు పలకరాయి బండలే. నీళ్లు చల్లితే చిటికెలో ఆరిపోతాయి గానీ, నూనె పడితే మాత్రం ఆ మరక వదలదు. 1980ల చివర్లో మా నాన్న ప్రభుత్వ వేలంపాటలో ఒక జీపు కొన్నాడు. అది మా వాకిట్లో నిలబడిన తొలి రోజుల్లోనే బండల మీద మూడు చోట్ల మరక పెట్టింది. ఇంజను కింద చిన్నది ఒకటి. నడుమ, గేరు పెట్టె కింద, పళ్లెమంత. దానికి వెనక, హ్యాండ్ బ్రేకు డ్రమ్ము కింద, నల్లగా జిడ్డుగా ఇంకొకటి. అమ్మ ఊక చల్లి, ముగ్గుపిండి చల్లి రుద్దేది. నడిమి మరక తెల్లారేసరికి మళ్లీ వచ్చేది.

అది మహీంద్రా సీజే త్రీబీ, పెట్రోలు బండి. అమెరికాలో విల్లీస్ వాళ్లు 1953లో మొదలుపెట్టి 1968లో ఆపేసిన నమూనా. మన దేశంలో మాత్రం మహీంద్రా వాళ్లు ఆ అచ్చునే ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నడిపారు. ఇంజను ఎత్తు పెరగడంతో బానెట్ కూడా పైకి లేపారు, అందుకే పాత జీపుల గుంపులో దాన్ని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. డ్రైవరు పక్కన నేల మీంచి మూడు కడ్డీలు లేచి ఉంటాయి. పొడుగుది గేర్లకు. పొట్టివి రెండు, ఒకటి ముందు చక్రాలకు కూడా పట్టు ఇవ్వడానికి, ఇంకొకటి హై నుంచి లో కి మార్చడానికి. ఆ కడ్డీల కింద రెండు ఇనుప పెట్టెలు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. ముందరిది మూడు గేర్ల పెట్టె, టీ నైంటీ. వెనకది స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ పెట్టె. గేరు పెట్టె మెయిన్ షాఫ్టు తన పెట్టె దాటి వెనక పెట్టెలోకి చొచ్చుకుపోతుంది. రెండింటికీ నూనె వేరు, నూనె పోసే బిరడాలు వేరు. మా బండి జబ్బంతా ఆ చొచ్చుకుపోయిన చోటే ఉందని తెలియడానికి మాకు చాలా కాలం పట్టింది.

అప్పట్లో మా వైపు జీపు అంటే అవసరం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. జిల్లా మారినా దూరాలు మారలేదు. ఒంగోలు ఒక మూల, నంద్యాల అడవికి ఆవల, గుంటూరు నుంచి వచ్చే రైలు ఇంకా మీటరు గేజి. శ్రీశైలం పోవాలంటే దోర్నాల మీదుగా ఘాటు, నంద్యాల పోవాలంటే గిద్దలూరు, దిగువమెట్ట మీదుగా ఘాటు. రెండు దారులూ నల్లమలలోంచే. పలక గనులకు కూలీలు, తర్లుపాడు వైపు పల్లెలకు పెళ్లివాళ్లు, పురిటి నొప్పులతో పెద్దాసుపత్రికి ఆడవాళ్లు, అందరూ జీపుల్లోనే. లోపల పట్టినంతమంది, వెనక మెట్టు మీద నిలబడి ఇంకో నలుగురు. నల్లమల పులుల అభయారణ్యం 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చాక అటవీ శాఖ జీపులు కూడా ఊళ్లో ఎక్కువగా కనిపించేవి. అన్నీ కారేవే. జీపన్నాక కారకుండా ఉంటుందా అనేది ఊరందరి మాట. నాన్న కూడా అదే అనేవాడు. నాకు మాత్రం ఆ మాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. తయారైన రోజున కారని బండి తర్వాత కారుతోందంటే దానికో కారణం ఉండి తీరాలి.

కొన్న కొత్తలో నాన్న ఒక షెడ్డులో వెనక ఆయిల్ సీలు మార్పించాడు. కొన్నాళ్లు తడి తగ్గింది, మళ్లీ మొదలైంది. ఇంకో షెడ్డులో ఇంకో సీలు వేశారు. ఒకాయన అయితే పెట్టె జాయింటు చుట్టూ బయటి నుంచే ఎంసీల్ పూసి, ఇక చుక్క పడదని హామీ ఇచ్చాడు. అది ఎండకు పగిలి పెచ్చులూడింది. ఈలోగా రెండో గేరులో ఒక కూత మొదలైంది. గేరు పెట్టెలో నూనె తగ్గిందని నాన్న నైంటీ ఆయిలు కొని పోసేవాడు. మళ్లీ తగ్గేది, మళ్లీ పోసేవాడు. వెనక పెట్టె బిరడా మాత్రం ఎవరూ విప్పి చూడలేదు. ఇంతగా కారుతోంది కాబట్టి అందులోనూ తక్కువే ఉంటుందనుకున్నారు.

ఆ ఏడాది శివరాత్రికి మహానందికి కిరాయి ఒప్పుకున్నారు. మా అమ్మమ్మగారి తరఫు చుట్టాలే కాబట్టి నన్నూ ఎక్కించుకున్నారు. కంభం దాటి, గిద్దలూరులో టీ తాగి, దిగువమెట్ట దాటాక అడవిలోకి ఎక్కాం. రోడ్డు ఇప్పటంత వెడల్పు లేదు. ఎదురుగా లారీ వస్తే ఒకరు ఆగాల్సిందే. రెండో గేరులో ఎక్కుతుంటే కూత పెరిగి, లోపల మాటలు వినపడకుండా పోయాయి. ఒక మలుపులో పైనుంచి లారీ రావడంతో నాన్న బండి పక్కకు తీసి హ్యాండ్ బ్రేకు లాగాడు. బండి ఆగలేదు. మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. నాన్న కాలి బ్రేకు మీదికి లేచి నిలబడ్డాడు. మా మామయ్య దూకి వెనక చక్రానికి రాయి పెట్టాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగి రోడ్డు పక్కన నిలబడ్డారు. పసిబిడ్డను ఎత్తుకున్న పిన్ని చేతులు వణకడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

ఆ జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ పెట్టె వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే చోట, ఒక డ్రమ్ములో ఉంటుంది. వెనక సీలు కారితే నూనె నేరుగా ఆ డ్రమ్ములోకే పోతుంది. లైనింగు నూనె తాగితే ఎంత లాగినా పట్టదు. వాకిట్లో మరక అనుకుని మేం చూస్తూ వచ్చింది అసలు బ్రేకు పోవడమని ఆ మలుపులో తెలిసింది. అందుకే ఎవరైనా కొంచెం కారితే ఏమవుతుందిలే అన్నప్పుడల్లా నేను ఆ రాయి సంగతి చెప్తాను.

మహానంది నుంచి తిరిగొచ్చాక నాన్న బండిని కంభం రోడ్డులో ఒక పాత షెడ్డుకు తోలాడు. ఆ మేస్త్రి సాయిబు పెద్దాయన. మేమంతా చాచా అనేవాళ్లం. మిలిటరీ నుంచి వచ్చిన పాత జీపుల మీద పని నేర్చుకున్నాడని చెప్పేవాళ్లు. షెడ్డంటే నాలుగు గుంజల మీద రేకులు, లోపల ఒక గొయ్యి, గోడకు పానాలు. నాన్న సీలు మార్చమన్నాడు. ఆయన బండి కిందికి కూడా చూడకుండా అడిగాడు.

"ఏ సీలు మార్చమంటావు?"

"కారేదే, మేస్త్రీ."

"కారేది యాడనో నీకు తెలిస్తే నా కాడికి ఎందుకొచ్చినావు? బండి ఈడ పెట్టి పో. పిల్లోణ్ణి ఉండనీ, నాకు దీపం పట్టుకుంటాడు."

నాకు బడి సెలవులు. అలా మొదలైంది నా చదువు.

మొదటి రోజు ఆయన ఒక్క బోల్టు విప్పలేదు. ఏళ్ల తరబడి పేరుకున్న మురికిని ఇనుప రేకుతో గీకాడు, కిరసనాయిలుతో కడిగాడు, వేస్టుతో తుడిచాడు. గీకింది దోసిళ్ల కొద్దీ వచ్చింది. అందులో మట్టి కన్నా పలక పొడి ఎక్కువ. గనుల దగ్గర ఆ పొడి అంతటా ఉంటుంది, గాలికి లేచి నూనె తడి ఉన్న ప్రతిచోటా అంటుకుంటుంది. కడిగి ఆరబెట్టాక చాచా నన్ను పలకల కార్ఖానాకు పంపి విరిగిన బలపాలు తెప్పించాడు. వాటిని రోట్లో మెత్తగా దంచి, పలుచని గుడ్డలో కట్టి, రెండు పెట్టెల నిండా తెల్లగా అద్దాడు. నాన్నను పిలిచి బండి తర్లుపాడు దాకా పోయి రమ్మన్నాడు.

బండి తిరిగి వచ్చేసరికి చాచా దీపం తెమ్మన్నాడు. తెల్లటి పొడి మీద నూనె నడిచిన దారులు గీతలు గీసినట్టు కనపడ్డాయి. అందరూ కారుతోందనుకున్న అడుగు జాయింటు దగ్గర పొడి తడిసింది గానీ, ఆ తడి పైనుంచి వచ్చింది. ఒక దారి వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే యోక్ దగ్గర మొదలైంది. ఇంకొకటి, మేం ఎవరం అనుకోనిది, ముందు వైపు, ఆ రెండు పొట్టి కడ్డీలకు కట్టిన షిఫ్టు రాడ్లు పెట్టెలోంచి బయటికి వచ్చే చోట. మామూలు మట్టంలో ఉన్న నూనె అంత ధారాళంగా అక్కడ కారదు.

"యాడ చుక్క పడతా ఉందో ఆడ కారతా ఉందనుకుంటే ఎట్టా అబ్బయ్యా? నూనె కిందికి దిగి, కొసకు పోయి, ఆడ వేలాడతాది. నువ్వు కొసను చూస్తావు. మొదలు చూడాల."

తర్వాత ఆయన రెండు పెట్టెల బిరడాలూ విప్పించాడు. గేరు పెట్టె పక్కనున్న బిరడా తీసి వేలు పెట్టమన్నాడు. పెట్టాను. వేలికి నూనె అందలేదు. ట్రాన్స్‌ఫర్ పెట్టె బిరడా తీస్తే నూనె ధారగా బయటికి కొట్టి చాచా మోచేయి దాకా తడిపింది. కింద డబ్బా పెట్టి, మట్టం దాకా దిగేదాకా ఆగి, కారిందంతా చూపించాడు. ఆ గేరు పెట్టెలో నిండా పోసినా పట్టేది కొంచెమే. వెనక పెట్టెకు లీటరున్నర దాకా. మాది ముందు ఖాళీ, వెనక పొంగు. నాన్న ముందు పోసిందంతా వెనక్కి పోతోంది. వెనక నిండిపోయి, దారి దొరికిన ప్రతి సందులోంచీ బయటికి వస్తోంది. ఏ సీలు మార్చినా కొన్నాళ్లే ఆగిందంటే అదీ కారణం.

రెండు పెట్టెల మధ్య, మెయిన్ షాఫ్టు వెనక బేరింగు దగ్గర, ఒక చిన్న ఆయిల్ సీలు ఉంటుంది. ముందు నూనెను వెనక్కి పోనీయకుండా ఆపేది అదే. బయటికి కనపడదు, చుక్క రాల్చదు, అందుకే దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. ఘాటు ఎక్కేటప్పుడు బండి వెనక్కి వాలుతుంది. నూనె అంతా వెనక గోడకు చేరి ఆ సీలు మీదే నిలబడుతుంది. వేడికి పలచబడి ఉంటుంది కూడా. దోర్నాల, దిగువమెట్ట దారులు ఎక్కే జీపుల్లో ఈ జబ్బు ఎక్కువని చాచా అనేవాడు. నేను తర్వాత చూసిన బండ్లలోనూ అదే కనిపించింది.

పెట్టెలు దించడం ఒక రోజు పని. సీట్లు తీసి, నేల రేకు తీసి, ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ విప్పి, కింద క్రాస్ మెంబరు విప్పి, జాకీ మీద మెల్లగా దించాడు. బల్ల మీద పెట్టాక వెనక మూత తీసి, మెయిన్ షాఫ్టు కొసన ఉన్న నట్టుకు వేసిన పిన్ను లాగి, నట్టు విప్పి, దాని కింది గేరు ఊడదీశాడు. అప్పుడు రెండు పెట్టెల్నీ వేరు చేయాలి. దానికి ముందు ఆయన చేసిన పని నేను మరువను. గేరు పెట్టె పై మూత తీసి, లోపల రెండో గేరు వెనక మెయిన్ షాఫ్టుకు ఇనుప తీగ చుట్టి, ముందుకు లాగి కట్టాడు. ఆ తీగ లేకుండా వెనక పెట్టె లాగితే షాఫ్టు కూడా దానితో వెనక్కి వస్తుంది, లోపల గేర్లు సాఫీగా కలవడానికి ఉండే సింక్రో ముక్కలు జారి నూనెలో పడతాయి. విల్లీస్ వాళ్ల పుస్తకంలోనూ ఆ జాగ్రత్త ఉందని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. చాచాకు ఇంగ్లీషు రాదు. ఎవరి చేతి నుంచి ఆయన చేతికి వచ్చిందో.

సీలు బయటికి వచ్చింది. రబ్బరు పెదవి గట్టిపడి గోరుతో నొక్కితే విరిగింది. చాచా దాన్ని పక్కన పడేసి, ఆ సీలు తిరిగే స్పేసరు చేతికిచ్చాడు. వేలితో తడమమన్నాడు. చుట్టూ ఒక గాడి తగిలింది. నాకు అప్పుడు అర్థమైన ఒక సంగతి ఇప్పటికీ ప్రతి బండిలో పనికొస్తోంది: మెత్తటి రబ్బరు గట్టి ఉక్కును అరగదీస్తుంది. రబ్బరు ఒక్కటే అయితే అంత తొందరగా కాదు. పెదవి కింద ఇరుక్కున్న దుమ్ము ఆకురాయి పని చేస్తుంది. మా ఊరి దుమ్ము పలక దుమ్ము. గాడి పడిన ఇనుము మీద కొత్త సీలు వేస్తే అది కొన్ని నెలలు పట్టుకుని వదిలేస్తుంది. వెనక యోక్ మీద గాడి ఇంకా లోతు. అంతకుముందు సీలు మార్చినవాళ్లు ఎవరూ ఆ యోక్ మీద వేలు పెట్టి చూడలేదు.

యోక్ కొత్తది కొనాలంటే విజయవాడ ఆటోనగర్ పోవాలి. నాన్న రాత్రి బస్సెక్కి పోయాడు. సీలు, స్పేసరు, బేరింగులు దొరికాయి. యోక్ దొరికింది గానీ దాని పళ్లు మా షాఫ్టుకు వదులు. చాచా పాతదాన్నే లేతు షాపుకు పంపాడు. గాడి పడిన మేర సన్నగా కోయించి, దాని మీద ఒక ఉక్కు తొడుగు వేడి చేసి ఎక్కించి, అసలు కొలతకు తిప్పించాడు. తిప్పిన తర్వాత సన్నటి ఎమరీ కాయితంతో నునుపు చేయాలి. ఆ కాయితాన్ని ఎటూ జరపకుండా ఒకే చోట పట్టుకోవాలి. పక్కకు జరిపితే కంటికి కనపడని మరలాంటి గీత పడుతుంది, షాఫ్టు తిరిగేటప్పుడు ఆ గీత నూనెను బయటికి తోడుతుంది. లేతు పనివాడికి ఈ మాట చెప్పడానికి చాచా స్వయంగా పోయి మిషను పక్కన నిలబడ్డాడు.

బేరింగుల సంగతి కూడా ఆయన వదల్లేదు. వెనక షాఫ్టును యోక్ పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే చేతికి ప్లే తెలిసింది. షాఫ్టు ఊగుతుంటే దాని మీద ఏ సీలూ నిలవదు. టేపర్ బేరింగులు కొత్తవి వేసి, వెనక హౌసింగు కింద పెట్టే పలుచని షిమ్ముల్ని ఒకటి తీసి, ఒకటి వేసి చూశాడు. షాఫ్టు ముందూ వెనకా కదలిక అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 4 నుంచి 8 దాకా ఉండాలని పుస్తకం. చాచా దగ్గర డయల్ గేజీ లేదు. చేతితో తిప్పి, లాగి, మళ్లీ తిప్పి చూసి ఒక షిమ్ము తీసేశాడు. తర్వాత చాలా ఏళ్లకు నేను అదే పెట్టెను గేజీతో కొలిస్తే 6 వచ్చింది.

ప్యాకింగులు కొన్నవి కాదు. మందపాటి కాయితాన్ని పెట్టె అంచు మీద పరిచి, చిన్న సుత్తి గుండ్రటి వైపుతో అంచు వెంబడి మెత్తగా కొట్టుకుంటూ పోతే కాయితం అచ్చంగా పెట్టె ఆకారంలో తెగుతుంది. ఆ పని నాకు అప్పగించాడు. బోల్టు బెజ్జాల దగ్గర సుత్తి గట్టిగా పడితే అంచు చిట్లుతుంది. షెల్లాక్ పలుచగా, ఒక్క వైపే పూయమనేవాడు. సీలు బిగించే ముందు పెదవికి నూనె రాయాలి, స్ప్రింగు ఉన్న ముఖం నూనె వైపు ఉండాలి, యోక్ పళ్ల సందుల్లోంచి కూడా నూనె వస్తుంది కాబట్టి నట్టు వాషరు కింద కాస్త షెల్లాక్ పెట్టాలి. పెట్టె మీది బ్రీదరు బెజ్జంలో మట్టి గడ్డకట్టి ఉంటే సైకిలు పుల్లతో పొడిచి తీశాడు. అది మూసుకుంటే వేడెక్కిన గాలి పోయే దారి లేక సీలును నెట్టుకుని బయటికి వస్తుంది, దానితో నూనె కూడా.

హ్యాండ్ బ్రేకు లైనింగు విషయంలో నాన్నకూ ఆయనకూ మాట పెరిగింది. నూనె తాగిన లైనింగు మీద పెట్రోలు పోసి అంటిస్తే నూనె కాలిపోయి మళ్లీ పనికొస్తుందని అప్పట్లో చాలామంది చేసేవాళ్లు. డబ్బు మిగులుతుంది కదా అని నాన్న అడిగాడు.

"పైన కాలతాది. లోపల తాగిందెట్టా పోతాది? ఘాటు ఎక్కేసరికి డ్రమ్ము వేడెక్కి మళ్లీ బయటికొస్తాది. ఆ రాయి మోసినోడు నీ బావమరిదే గదా, అడుగు పో."

కొత్త లైనింగే వేశారు.

బండి మళ్లీ కట్టాక చాచా దాన్ని రాత్రంతా ముందు చక్రాలు ఇటుకల మీద ఎక్కించి, వెనక్కి వాల్చి ఉంచాడు. తెల్లవారి బిరడాలు తీసి రెండు మట్టాలూ చూశాడు. గేరు పెట్టె నూనె కదల్లేదు. వెనకది పెరగలేదు. మళ్లీ బలపం పొడి అద్ది దోర్నాల ఘాటుకు పంపాడు. ఈసారి నేను ఒక్కణ్ణే నాన్నతో పోయాను. నిలువు ఎక్కుడు మీద నాన్న బండి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలు తీసేశాడు. బండి కదల్లేదు. ఆయన ఏమీ అనలేదు, చేయి చాపి నా భుజం తట్టాడు. తిరిగొచ్చాక పొడి మీద ఒక్కచోట తప్ప ఎక్కడా తడి లేదు. ఆ ఒక్కచోటు ట్రాన్స్‌ఫర్ పెట్టెలో అడుగున ఉండే ఇంటర్మీడియేట్ షాఫ్టు కొస. అది పెట్టె గోడలో బిగుతుగా కూర్చోవాలి. మా పెట్టెలో ఆ బెజ్జం అరిగింది. చాచా దాన్ని దాచలేదు. ఈ పెట్టె ఉన్నంతకాలం ఇక్కడ చెమ్మ ఉంటుందని, అది చుక్కగా మారితే తనకు చెప్పమని నాన్నకు చూపించాడు.

ఇక పాత నూనె సంగతి. దించిన నూనె కోసం తర్లుపాడు వైపు రైతులు షెడ్డుకు డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఎద్దుల బండి ఇరుసులకు కందెనగా, గుంజలకు చెదలు పట్టకుండా పూయడానికి. మిగిలింది నేల తాగేది. గొయ్యి చుట్టూ నేల నల్లగా గట్టిపడి ఉండేది. కొంచెం దూరంలోనే బోరు. నీళ్ల కోసం అల్లాడే ప్రాంతంలో మనం ఆ పని చేశామంటే ఇప్పుడు బాధగా ఉంటుంది. నా షెడ్డులో పాత నూనె పీపాలో పట్టి, తీసుకుపోయేవాళ్లకు ఇస్తున్నాను.

నేను ఆ పనిని జీవనోపాధిగా ఎంచుకోలేదు, చదువుకుని వేరే ఉద్యోగం చేశాను. జీపు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. కిరాయి జీపుల కాలం అయిపోయింది. ఆటోలు, పెద్ద బండ్లు వచ్చాయి, మీటరు గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చింది. మా వాకిట్లో ఒకప్పుడు కూడు పెట్టిన బండి పాత బండ్ల మీద మక్కువ ఉన్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చి చూసే వస్తువైంది. చాచా చూపు తగ్గి షెడ్డు కొడుకుకు అప్పగించాక కూడా పెట్టె విప్పితే కబురు పెట్టేవాణ్ణి. ఆయన వచ్చి కుర్చీ వేసుకుని, నా చేతిలో ముక్క తీసుకుని, కళ్లతో కాదు, బొటనవేలితో చూసేవాడు.

ఇప్పుడు సరుకు మెరుగు. రెండు పెదవుల సీళ్లు వచ్చాయి, బయటి పెదవి దుమ్మును ఆపుతుంది. ఇంటర్మీడియేట్ షాఫ్టుకు ఓ రింగు గాడి ఉన్నది దొరుకుతుంది. అరిగిన యోక్ మీద ఎక్కించే పలుచటి రెడీమేడ్ తొడుగులు ఉన్నాయి. కానీ రెండు కొత్త తిప్పలు కూడా వచ్చాయి. ఒకటి సిలికాన్ పేస్టు. ట్యూబు నొక్కి ధారాళంగా పూస్తున్నారు. బిగించినప్పుడు బయటికి పొంగినంతా లోపలికీ పొంగుతుంది, ఆ ముక్కలు ఊడి నూనె తిరిగే దారుల్లో ఇరుక్కుంటాయి. పైగా షిమ్ములు ఉన్న చోట పేస్టు పూస్తే కొలత మారిపోతుంది. రెండోది నూనె. సీసా మీద జీఎల్ 5 అని ఉంటే అది గొప్పదని పోస్తున్నారు. డిఫరెన్షియల్‌కు అది మంచిదే. పాత గేరు పెట్టెలో సింక్రో రింగులు ఇత్తడి జాతివి. జీఎల్ 5 రకాల్లో గంధకం కలిసిన మందు పాలు ఎక్కువ, ఆ మెత్తటి లోహాన్ని అది తినే ప్రమాదం ఉంది. గేరు పెట్టెకు జీఎల్ 4 చాలు. చాచా కాలంలో ఈ తేడా షాపువాడే చూసేవాడు, ఇప్పుడు మనమే చూసుకోవాలి.

ఈమధ్య గిద్దలూరు నుంచి ఒక కుర్రాడు తన తాత జీపు తెచ్చాడు. క్లచ్చు జారుతోందని ప్లేటు మార్పించాడు, కొత్త ప్లేటు కూడా తొందరగానే జారింది. బెల్ హౌసింగు అడుగు బెజ్జంలోంచి నైంటీ ఆయిలు వాసన. అంటే నూనె గేరు పెట్టె ముందు మొహం నుంచి క్లచ్చు మీదికి వస్తోంది.

"అన్నా, ముందర సీలు ఉంటాది గదా, అది మార్చమంటావా?"

"ముందు మూత విప్పు, చూద్దాం."

టీ నైంటీలో ముందు బేరింగు మూతకు ఒక చిన్న బెజ్జం ఉంటుంది. బేరింగు దాటి ముందుకు వచ్చిన నూనె ఆ బెజ్జం గుండా తిరిగి పెట్టెలోకి పోవాలి. ఎవరో ప్యాకింగు కోసేటప్పుడు ఆ బెజ్జం వదలకుండా మూసేశారు. దారి లేక నూనె షాఫ్టు వెంబడి ముందుకు నడిచింది. ప్యాకింగుకు ఆ చోట బెజ్జం కొట్టి, మూతను పెట్టె బెజ్జానికి సరిగ్గా ఎదురుగా పెట్టి బిగించాం. క్లచ్చు ప్లేటు మళ్లీ కొనక తప్పలేదు, నూనె తాగిన ప్లేటును కాల్చి వాడదామని ఆ కుర్రాడు అడిగితే వద్దన్నాను. కాయితం మీద సుత్తితో కొట్టడం ఎలాగో చూపిస్తే బోల్టు బెజ్జాల దగ్గర చాలా జాగ్రత్తగా కొట్టాడు. వాళ్ల ఊళ్లో ఇంకో రెండు పాత జీపులు ఉన్నాయట, అవీ తెస్తానన్నాడు.

మా బండి విషయానికొస్తే, మధ్య సీలు గట్టిగానే ఉంది, హ్యాండ్ బ్రేకు ఘాటు మీద పడుతోంది. ఇంటర్మీడియేట్ షాఫ్టు కొసన చెమ్మ మాత్రం పోయిన ఎండాకాలం నుంచి చుక్కగా మారింది. పెట్టె దించి, ఆ బెజ్జాన్ని లేతు షాపులో పెద్దది చేయించి బుష్షు వేయించాలి. ఓ రింగు ఉన్న షాఫ్టు ఆటోనగర్ నుంచి తెప్పించి పెట్టాను. సంక్రాంతి దాటాక గిద్దలూరు కుర్రాడు వస్తానన్నాడు, అప్పుడు ఇద్దరం కలిసి దించుతాం.